బ్యాటరీలోని నడిమి పొర

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు పారెడి త్రిపురారము ప్రాంతమున బ్యాటరీ అనినంతనే నిన్నమొన్నటి వరకు రెండు వస్తువులే జ్ఞప్తికి వచ్చెడివి. ఒకటి ట్రాక్టరులోని సీసపు బ్యాటరీ. రెండవది రాత్రివేళ మడికి నీరు కట్టబోవు రైతు చేతిలోని టార్చిలైటు. నేడు ఆ స్థితి మారినది. ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. వీధులలో సోలారు దీపములు వెలిసినవి. మిర్యాలగూడ రోడ్డుపై విద్యుత్ స్కూటర్లు, ఆటోలు తిరుగుచున్నవి. వరిపై మందు చల్లు డ్రోనులు చేల మీదికి వచ్చినవి. వీనిలో పెక్కింటికి ప్రాణము లిథియము బ్యాటరీ.

వస్తువును కొన్ననాడు అందరికిని సంతోషమే. చిక్కు రెండు మూడేండ్ల తరువాత వచ్చును. తెల్లవారువరకు వెలుగవలసిన దీపము రాత్రి పది గంటలకే ఆరిపోవును. మిర్యాలగూడ పోయి రావలసిన స్కూటరు నడిత్రోవలో నిలిచిపోవును. "బ్యాటరీ మార్చాలె" అని మెకానిక్కు చెప్పును. మార్చుటకు అగు వ్యయము వస్తువు వెలలో పెద్ద భాగము. అది ఒకరి సొంత స్కూటరైనచో ఆ బాధ ఆ ఇంటిదే. పంచాయతీ సొమ్ముతో వేయించిన దీపములైనచో గ్రామసభలో సమాధానము చెప్పవలసినవారు సభ్యులు. కావున బ్యాటరీకి ముసలితనము ఎట్లు వచ్చుచున్నది, దాని ఆయువును పెంచుటకు శాస్త్రజ్ఞులు ఏమి చేయుచున్నారు అను విషయమును కొంత విపులముగా తెలుపదలచితిమి. ముఖ్యముగా బ్యాటరీ నడుమనుండు ఒక పలుచని పొరను గూర్చి చెప్పెదము. దానిని సెపరేటరు అందురు. కొనువాడు దానిని ఎన్నడును చూడడు, అమ్మువాడు దాని మాట ఎత్తడు. కాని బ్యాటరీ మంచిచెడ్డలు చాలవరకు దానిపైననే ఆధారపడి యున్నవి.

మొదట బ్యాటరీ నిర్మాణము తెలిసికొందము. (ఎవ్వరును దానిని విప్పి చూడబోవలదు, మేము చెప్పునది వినిన చాలును.) లోపల పలుచని రాగిరేకు ఒకటి, అల్యూమినియపు రేకు ఒకటి ఉండును. రాగిరేకుకు గ్రాఫైటు, అనగా పెన్సిలు ములుకులో ఉండు పదార్థము, పూసి యుండును. అల్యూమినియపు రేకుకు లిథియము కలిసిన సమ్మేళనమును పూసి యుందురు. ఈ రెంటికి నడుమ సెపరేటరును పరచి, చాపవలె చుట్టియో, మడతలు పెట్టియో ఒక డబ్బాలో గాని సంచిలో గాని అమర్చి, ఎలక్ట్రోలైటు అను ద్రవముతో తడిపెదరు. చార్జింగు పెట్టినపుడు లిథియము అతి సూక్ష్మమైన విద్యుత్కణముల రూపమున ఈ ద్రవములో ప్రయాణము చేసి, నడిమి పొర రంధ్రములను దాటి, గ్రాఫైటులో చేరి కూర్చుండును. బ్యాటరీని వాడుకొనునపుడు తిరిగి వచ్చిన దారినే పోవును. ఈ రాకపోకలే మనకు దీపమై వెలుగును, చక్రమై తిరుగును.

నడిమి పొర చేయు పని రెండు విధములు. ఆవలి రేకును ఈవలి రేకును తాకనీయరాదు. అయినను లిథియమును మాత్రము పోనీయవలెను. గట్టు పని, జల్లెడ పని రెండును అదియే చేయవలెను. దీనిని సాధారణముగా పాలిథీను, లేక పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కుతో చేయుదురు. మనము బజారునుండి తెచ్చు క్యారీబ్యాగుకు ఇది దగ్గరి చుట్టమే. మందము 10 మొదలు 25 మైక్రానులు. మనిషి తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు ఉండునని చెప్పిన, దీని పలుచదనము తెలియగలదు. అందలి రంధ్రములు ఒక మైక్రానుకన్న చిన్నవి, కంటికి కానరావు.

ఇంతవరకు చెప్పినది లిథియము-అయాను బ్యాటరీని గూర్చి. మన ఫోనులలోను, స్కూటర్లలోను ఉన్నది ఇదియే. దీనిలో ఒక వృథా కలదు. ఒక్క లిథియము పరమాణువును నిలుపుటకు ఆరు కర్బన పరమాణువులు కావలెను. ధాన్యముకన్న గోనెసంచి బరువు ఎక్కువైనట్లున్నది ఈ సంగతి. గ్రాఫైటు గిడ్డంగిని తీసివేసి, ఆ స్థానమున పలుచని లిథియపు రేకునే ఉంచినచో ఏమగును? ఒక గ్రాము గ్రాఫైటు 372 మిల్లీ ఆంపియరు-గంటల విద్యుత్తును దాచగా, ఒక గ్రాము లిథియము 3,860 దాచగలదు; అనగా పదిరెట్లు. లోహములన్నిటిలోను తేలికయైనది లిథియము. దాని సాంద్రత నీటి సాంద్రతలో సగమునకు కొంచెము మించును. బరువే ప్రాణసంకటమైన డ్రోనుకు ఇట్టి బ్యాటరీ దొరకిన, ఒక్క చార్జింగుతో మరికొన్ని మళ్ళకు మందు చల్లవచ్చును. ఇట్లు గ్రాఫైటు లేక లోహపు రేకుతోనే చేయు బ్యాటరీని లిథియము లోహపు బ్యాటరీ అందురు.

ఇంత లాభము కంటి ఎదుట కనబడుచుండగా ఎవ్వరును ప్రయత్నింపలేదా యని సభ్యులు అడుగవచ్చును. ప్రయత్నించిరి. నిజమునకు ముందు పుట్టినది ఈ బ్యాటరీయే. 1970 దశకమున అమెరికాలో ఎక్సాన్ సంస్థలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ లిథియము లోహముతోనే బ్యాటరీని నిర్మించెను. ప్రయోగశాలలో మంటలు లేచుట వానికి పెద్ద బాధయైనది. కెనడాకు చెందిన మోలి ఎనర్జీ అను సంస్థ ఇట్టి బ్యాటరీలను అమ్మకమునకు తెచ్చినది. జపానులో సెల్‌ఫోనులకు మంట అంటుకొనుటచే 1989లో వానిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది. అంతట లోహపు రేకును విడిచి, కర్బనపు గిడ్డంగిని నమ్ముకొనిరి. ఆ మార్గమున 1991లో సోనీ సంస్థ లిథియము-అయాను బ్యాటరీని బజారులోనికి తెచ్చెను. విట్టింగ్‌హామ్, జాన్ గుడెనఫ్, అకిరా యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది ఈ కృషికే. కర్బనపు గిడ్డంగి బరువైనదే, కాని నెమ్మదియైనది.

లోహపు రేకుతో మంట ఎందుకు వచ్చినదో మన ప్రాంతపు రైతునకు చెప్పుట సులభము. 2022 సెప్టెంబరులో ఎడమ కాలువకు నిడమనూరు వద్ద గండి పడినది. 2024 సెప్టెంబరు మొదట కురిసిన భారీ వర్షములకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలములోని కాగితరామచంద్రాపురము వద్ద మరల గండి పడినది. గండి ఎట్లు పడునో ఎవ్వరికిని చెప్పనక్కరలేదు. గట్టు పొడవునను నీటి ఒత్తిడి ఉండును. ఎక్కడ ఒక ఎండ్రకాయ బొరియయో, పగులో ఉన్నచో నీరంతయు అక్కడికే ఎగబడును. ఎగబడిన కొలది బొరియ పెద్దదగును. పెద్దదైన కొలది మరింత నీరు వచ్చును.

లిథియము నడక కూడ ఇట్టిదే. చార్జింగు సమయమున అది రేకుపై సమముగా పరచుకొనవలెను. కాని రేకు ఎంత నునుపుగా కనబడినను సూక్ష్మముగా చూచిన ఎత్తుపల్లములు ఉండును. దమ్ము సరిగా చేయని మడివలె ఉండునన్నమాట. పైకి పొడుచుకొని వచ్చిన మొనవద్ద విద్యుత్ ఆకర్షణ ఎక్కువ. కావున వచ్చు లిథియము ఆ మొనపైననే చేరును. చేరిన కొలది మొన పెరుగును. పెరిగిన కొలది మరింత లాగుకొనును. తుదకు తుమ్మముల్లువలె పెరిగి, కొమ్మలు వేసి, నడిమి పొరను పొడుచుకొని అవతలి రేకును తాకును. ఈ ముండ్లకు డెండ్రైట్లు అని పేరు. తాకిన క్షణమున షార్టు సర్క్యూట్ అగును, వేడి పుట్టును, లోపలి ద్రవము మండు స్వభావము కలది.

అయితే ఒక మాట. మంట వార్తలలోనికి ఎక్కును గాని, అంతకన్న ఎక్కువ బ్యాటరీలను చంపునది క్షయరోగము వంటి మరియొక బాధ. ఈ ముండ్లు మొదలువద్ద విరిగి ద్రవములో తేలిపోవును. అట్టి ముక్కలు రేకుతో సంబంధము తెగిన లిథియము. ఇక ఎందుకును పనికిరాదు. దానిని మృత లిథియము అందురు. మరియు క్రొత్తగా పెరిగిన ప్రతి మొనపైనను ద్రవము రసాయనిక చర్య పొంది ఒక మైపొర కట్టును. ఆ పొర కట్టుటకు కొంత లిథియము, కొంత ద్రవము ఖర్చగును. ధాన్యము అమ్మబోవు రైతునకు తరుగు అనిన ఏమో బాగుగా తెలియును. ఇదియు అట్టి తరుగే.

ఆ తరుగును ఒక లెక్కతో చూపెదము. లెక్కలు రుచింపని సభ్యులు మమ్ములను మన్నింతురు గాక. 100 బస్తాలతో ఆరంభించి, ప్రతి పర్యాయము ఉన్నదానిలో నూటికి ఒకటి చొప్పున తరుగు పోయినదనుకొందము. 100 పర్యాయములకు మిగులునది సుమారు 37 బస్తాలు మాత్రమే. తరుగు వేయింటికి ఒకటి అయినచో, 100 పర్యాయములకు 90 బస్తాలు ఉండును; 500 పర్యాయములకు 61 ఉండును. పదివేలకు ఒకటి అయినచో, 500 పర్యాయముల తరువాతను 95 బస్తాలు నిలుచును. దినమునకు ఒక్కసారి చార్జింగు పెట్టు బ్యాటరీకి 500 పర్యాయములనగా ఏడాదిన్నర కూడ లేదు. నూటికి 99 పాళ్లు సరిగా పనిచేసిన పరికరమును మనము మెచ్చుకొందుము. బ్యాటరీ విషయమున అది చాలదు. శాస్త్రజ్ఞులు దశాంశ బిందువు తరువాతి తొమ్మిదుల కొరకు ఏండ్ల తరబడి శ్రమపడుటకు కారణము ఇదియే.

ఇపుడు నడిమి పొర వద్దకు తిరిగి వత్తము. ముల్లు పెరుగునది రేకుపైన. మరి పొరను మార్చుటవలన ఉపయోగమేమి? లిథియమంతయు రేకును చేరుటకు ముందు దాటవలసిన ద్వారము ఈ పొరయే గనుక. పిల్లకాలువ నీరు మడిలోనికి ఒకే గండినుండి దూకిన అక్కడ గుంట పడును. అదే నీరు గట్టు పొడవున అనేకమైన చిన్న బోదెలనుండి వచ్చిన, మడి అంతయు సమముగా తడియును. సాధారణపు ప్లాస్టిక్కు పొరలో రంధ్రములు ఒకచోట గుంపుగాను, ఒకచోట విరళముగాను ఉండును. పైగా ప్లాస్టిక్కుకు ఈ ద్రవము బాగుగా అంటదు. తామరాకుపై నీరువలె కొన్ని తావులు తడియకయే ఉండిపోవును. తడిసిన చోటనే లిథియము పోవును. ముల్లు పుట్టుకకు బీజము అక్కడనే పడుచున్నది.

ఈ లోపమును సవరించుటకు దక్షిణ కొరియాలోని కైస్ట్ విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు అవలంబించిన మార్గము వినోదకరమైనది. సముద్రపు రాళ్ళను అంటిపెట్టుకొని బ్రతుకు ఒక జాతి ఆల్చిప్ప కలదు. అలలు ఎంత కొట్టినను అది ఊడిరాదు. దాని జిగురును పోలిన పాలీడోపమీను అను పదార్థమును వారు నడిమి పొరపై అతి పలుచగా పూసిరి. పూత పూసిన పొర ద్రవమును చక్కగా పీల్చుకొనినది. లిథియము సమముగా ప్రవహించినది. లోహపు రేకు ఆయువు పెరిగినది. ఈ ఫలితమును 2012లో ప్రకటించిరి. పొర ప్లాస్టిక్కే, మందమును ఇంచుమించు అంతయే. మారినది దాని చర్మము మాత్రమే.

మరియొక మార్గము ముల్లును మధ్యలో పట్టుకొనుట. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున యీ చూయి అను ఆచార్యుని బృందము 2017లో దీనిని చూపినది. వారు రెండు ప్లాస్టిక్కు పొరల నడుమ సిలికా నలుసులను పరచిరి. సిలికా యనగా మన వాగులలోని ఇసుకలో ముఖ్యముగా ఉండు పదార్థమే, అతి సూక్ష్మమైన పొడి రూపమున. ముల్లు మొదటి పొరను పొడుచుకొని వచ్చినంతనే సిలికాను తాకును. సిలికా లిథియముతో రసాయనికముగా కలిసి దాని మొనను తినివేయును. ముల్లు ముందుకు సాగలేదు. ఇసుక బస్తాలు వేసి గండిని ఆపుట మన కాలువ క్రింద ఎరుగని పని కాదు. అదే బృందము అంతకుముందు 2014లో వేరొక ఉపాయమును చూపియుండెను. పొర మధ్యలో అతి పలుచని రాగిపూతను ఉంచి, ముల్లు దానిని తాకినపుడు వోల్టేజి మార్పువలన తెలియునట్లు చేసిరి. ఇది మందు కాదు, హెచ్చరిక. ముల్లు సగము దారిలో ఉండగనే బ్యాటరీని తీసివేయవచ్చునన్నమాట.

పింగాణీ జాతి పూతలు వేరొక తరగతి. వీనిలో అల్యూమినా ముఖ్యమైనది. ఇవి ప్రయోగశాల దాటి నేటి లిథియము-అయాను బ్యాటరీలలోనికి వచ్చినవి కూడ. పాలిథీను సుమారు 135 డిగ్రీల వేడికి కరగును. కరగినపుడు రంధ్రములు మూసికొని ప్రవాహము నిలిచిపోవుట మేలే. కాని వేడి ఇంకను పెరిగినచో పొర కాలిన ప్లాస్టిక్కు సంచివలె ముడుచుకొని, రెండు రేకులును తాకును. పింగాణీ పూత ఉన్నచో అట్లు ముడుచుకొనకుండ నిలుపును. ముల్లు పొడుచుటకును కొంత అడ్డుపడును.

ఇట్లు వ్రాయుచుంటిమి గదా యని రేపే ఈ బ్యాటరీలు మిర్యాలగూడ బజారులో దొరకునని ఎవ్వరును భావింపరాదు. కంపాసాగర్ వ్యవసాయ పరిశోధనా కేంద్రపు మళ్ళలో వచ్చిన దిగుబడి ప్రతి రైతు చేనిలోను అట్లే రాదు గదా. ప్రయోగశాలలో పరీక్షించునది సాధారణముగా రూపాయి బిళ్లంత బ్యాటరీ. దానిలో ద్రవమును పుష్కలముగా పోయుదురు. లిథియమును అవసరమునకు మించి ఉంచెదరు. తరుగు పోయినను నిలువ చాల ఉండును గనుక ఆయువు ఎక్కువగా కనబడును. నిజమైన బ్యాటరీలో ద్రవము బొట్లు లెక్కించి పోయవలెను. లిథియపు రేకు వెంట్రుకకన్న పలుచనిదై ఉండవలెను. పూత మందమైన కొలది బరువు పెరుగును. లిథియము దాటుట ఆలస్యమగును. వేల గజముల పొడవున యంత్రముపై పూసినపుడు ఎక్కడను రాలిపోరాదు. పొర ఒక్కటి బాగుపడిన చాలదు, ద్రవమును బాగుపడవలెను. 2021లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల వారు కిలోకు 350 వాట్-గంటలు గల లిథియము లోహపు బ్యాటరీని 600 పర్యాయములు నడిపి చూపిరి. అది గొప్ప విజయముగనే లెక్కింపబడినది. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన నేటి లిథియము-అయాను బ్యాటరీ రెండువేల పర్యాయములు నడుచుట సాధారణము. ఎంత దూరము పోవలసియున్నదో దీనివలన తెలియును. "లిథియము లోహపు బ్యాటరీ" అని పేరు చెప్పి వీధిదీపములకు, స్కూటర్లకు ఎవరైన అమ్మజూపినచో సభ్యులు రెండుసార్లు ఆలోచింపవలెను.

మన రాష్ట్రమునకు ఈ విద్య పరాయిది కాదు. హైదరాబాదు శివారు బాలాపూరులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ లిథియము-అయాను బ్యాటరీలకు వలయు పదార్థములపై పనిచేయుచున్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీలోను బ్యాటరీలపై పరిశోధన సాగుచున్నది. మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో అమరరాజా సంస్థ కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఈ ప్రాంతపు పిల్లలు రసాయనశాస్త్రము చదివినచో పోదగిన చోట్లు దగ్గరనే ఉన్నవి.

అంతవరకు మన చేతనున్న బ్యాటరీల మాట చూడవలెను. వానిలోని పొరయు అట్టి పలుచనిదే. ముల్లు భయము తక్కువగనైనను వానికిని కలదు. గ్రాఫైటు లోపలికి చేరుటకు వ్యవధి చాలనపుడు లిథియము దాని పైననే లోహమై పేరుకొనును. తూమును ఒక్కసారిగా పూర్తిగ ఎత్తినట్లు, అతివేగముగా చార్జింగు పెట్టుటవలన ఇట్లు జరుగును. కావున సంస్థ ఇచ్చిన చార్జరును విడిచి వేరొక దానిని వాడరాదు. వేడి రెండవ శత్రువు. మన జిల్లాలో వేసవిన 44, 45 డిగ్రీల ఎండ కాయుట అందరెరుగుదురు. ఇనుప డబ్బాలో ఎండకు ఎదురుగా బిగించిన దీపపు బ్యాటరీ అంతకన్న ఎక్కువ వేడెక్కును. వేయించునపుడే నీడపట్టున, గాలి ఆడునట్లు బిగింపుమని చెప్పిన ఖర్చు ఏమియు లేదు. మహిళా సంఘములకు డ్రోనులు ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో ఆమోదించినది. డ్రోను దిగిన వెంటనే బ్యాటరీ చేతికి వేడిగా తగులును. అది చల్లారిన తరువాతనే చార్జింగు పెట్టవలెను. పని లేని నెలలలో పూర్తిగా నింపియో, పూర్తిగా ఖాళీ చేసియో కాక, సగము చార్జింగుతో చల్లని తావున ఉంచవలెను.

2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక విద్యుత్ స్కూటర్ల దుకాణమున మంట లేచి, పొగ పైనున్న లాడ్జికి ఎక్కి 8 మంది చనిపోయిరి. రాత్రివేళ గుమ్మమునకు అడ్డముగా స్కూటరును నిలిపి, చార్జింగు పెట్టి నిద్రించు అలవాటు మన ఇండ్లలోను కనబడుచున్నది. మంట లేచినచో బయటికి పోవు దారి అదియే. ఉబ్బిన బ్యాటరీని నొక్కుట, గుచ్చుట ప్రమాదకరము. దానిని ఇంటినుండి దూరముగా ఉంచవలెను. పొగ వచ్చినచో దగ్గరకు పోక 101కు ఫోను చేయవలెను.

పంచాయతీ కొనునపుడు కొటేషనులో వెల ఒక్కటే చూడరాదు. ఏ రసాయనపు బ్యాటరీ, ఎన్ని పర్యాయముల తరువాత నూటికి 80 పాళ్లు శక్తి నిలుచును, హామీ ఎన్నేండ్లు అను మూడు సంగతులను వ్రాతమూలకముగా తీసికొనవలెను. వాహనమైనచో ఏఐఎస్-156 అను భద్రతా ప్రమాణము ప్రకారము పరీక్షింపబడినదా అని అడుగవలెను.

చచ్చిన బ్యాటరీలు డంపింగు యార్డుకు చేరుట ఎక్కువగుచున్నది. చెత్తకు నిప్పు పెట్టు చోట అవి పేలగలవు. కార్మికుల కండ్లు, చేతులు పోగలవు. బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు, 2022 ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధికి పంపు బాధ్యత తయారుచేసిన సంస్థది, లేక దిగుమతి చేసిన సంస్థది. సెగ్రిగేషను షెడ్డులో వానికి ప్రత్యేకముగా ఒక పొడి డబ్బాను ఉంచి, కొనలకు టేపు చుట్టి, అందులో వేయించవలెను. కొన్న ప్రతి దీపపు బ్యాటరీ సంఖ్యను, తేదీని, రసీదును పంచాయతీ రిజిస్టరులో ఎక్కించి యుంచినచో, హామీ కాలములో చెడినపుడు క్రొత్తది అడుగుటకును, చచ్చినపుడు తిరిగి తీసికొనుమని సంస్థకు వ్రాయుటకును ఆ పుటయే ఆధారమగును.